మంచులో కాలిన పిస్టన్

కిక్కు దిగలేదు.

బూటు కింద కిక్ రాడ్డు గోడకి కొట్టిన మేకులా నిలబడిపోయింది. ఒంటి బరువంతా వేసి తొక్కాడు. కదల్లేదు. చుట్టూ నిటారుగా పైన్ చెట్లు, దారి దాటి అడుగు వేస్తే నడుము లోతు మంచు. రెండు నిమిషాల క్రితం దాకా అడవంతా దద్దరిల్లేలా అరిచిన ఇంజన్ ఇప్పుడు టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. ఇంకే చప్పుడూ లేదు. హ్యాండిల్‌కి తగిలించిన థర్మామీటర్ మైనస్ 25 డిగ్రీలు చూపిస్తోంది.

వెనక బండి వచ్చి ఆగింది. "ఏమైంది అన్నా?"

"పట్టేసింది."

"ఇంజన్ పట్టేయడమా? ఈ చలిలోనా? వేడెక్కడానికి ఇక్కడ వేడెక్కడుంది?"

అడిగినవాడిది వరంగల్. విన్నవాడిది నర్సీపట్నం. ఇద్దరూ అమెరికాలో ఐడహో రాష్ట్ర రాజధాని బోయిసీలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఇంజనీర్లు. ఆ ప్రశ్నకి జవాబు ఆ క్షణాన ఇద్దరి దగ్గరా లేదు. అది నర్సీపట్నంలో, నూనె మరకల నేల మీద స్టూలు వేసుకుని కూర్చునే ఒక మేస్త్రి దగ్గర ఉంది. ఆ మేస్త్రి బండి పట్టేసిన ఆ కుర్రాడి తండ్రి.

తమ పేర్లు రాయవద్దని ఇద్దరూ అడిగారు. తండ్రి షెడ్డులో కూర్చుని చెప్పినదీ, కొడుకు వీడియో కాల్‌లో చెప్పినదీ కలిపి ఈ గాథ రాస్తున్నాను. మాటలు వాళ్లు గుర్తు చేసుకుని చెప్పినవే.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. మట్టి దారుల్లో, గుట్టల మీద తోలే 250 సీసీ టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ అది. చలికాలం రాగానే దాని ముందు చక్రం తీసి స్కీ పలక బిగిస్తారు. వెనక చక్రం తీసి, యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు గుండ్రంగా తిరిగే రబ్బరు ట్రాక్ తగిలిస్తారు. ఇక అది మంచు బండి. ఐడహోలో ఇది కొత్త కాదు. ఇలాంటి కిట్లకి పేరు తెచ్చిన టింబర్‌స్లెడ్ కంపెనీ అదే రాష్ట్రంలోని శాండ్‌పాయింట్ అనే చిన్న ఊళ్లో ఉండేది. 2015లో పొలారిస్ దాన్ని కొనుక్కుంది. 2017లో ఆస్పెన్ ఎక్స్ గేమ్స్‌లో ఈ బళ్లకి పందెం కూడా పెట్టారు. టూ-స్ట్రోక్ అంటే మంచు మీద తిరిగేవాళ్లకి మోజు. బరువు తక్కువ. కూరుకుపోయినా ఇద్దరు కలిసి లాగొచ్చు.

మనవాడికి ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు నాన్న షెడ్డులో పీల్చిన 2టీ ఆయిల్ పొగ వాసన. బడి అయ్యాక ఆర్ఎక్స్100 కార్బొరేటర్లు పెట్రోల్లో కడిగిన చేతులవి.

బండి పట్టేసిన ఆ శనివారానికి ముందు రాత్రే ఇద్దరూ బోయిసీ నుంచి ఐలండ్ పార్క్ చేరారు. ఐడహో తూర్పు కొస అది. మోంటానా సరిహద్దు, యెల్లోస్టోన్ పార్కు పక్కనే. బోయిసీ ఎత్తు 2,700 అడుగులు, ఐలండ్ పార్క్ 6,000 అడుగుల పైమాట. ఎత్తుకి వెళ్తే గాలి పలచబడుతుందని కుర్రాడికి తెలుసు. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించాలి, లేకపోతే బండి ముక్కుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. అందుకే గదిలో హీటరు పక్కన కూర్చుని కార్బొరేటర్ విప్పాడు. వేసవిలో బోయిసీ కొండల్లో తోలినప్పుడు ఉన్న 175 నంబరు మెయిన్ జెట్ తీసేసి, దానికన్నా చిన్న కన్నం ఉన్న 172 వేశాడు. శ్రద్ధగా, లెక్క ప్రకారం చేసిన పనే. ఆ లెక్కలో ఒకటే లోపించింది. రేపు పొద్దున్న ఎంత చలి ఉంటుందన్నది.

అంతటితో ఆగలేదు. "మంచులో ఇంజన్‌కి శ్రమ ఎక్కువ కదా, నూనె కాస్త ఎక్కువుంటే మంచిదే" అనుకున్నాడు. లీటరు పెట్రోలుకి 25 మిల్లీలీటర్లు కలపాల్సిన చోట 40 కలిపాడు.

పొద్దున్న ఎనిమిదికి బళ్లు దించారు. చలికి ముక్కులోని తడి గడ్డకట్టుకుపోతోంది. నాలుగో కిక్కుకి బండి అందుకుంది. స్నేహితుడి బండి అప్పటికే బయల్దేరడంతో ఇతనూ నిమిషం కూడా నిలపకుండా గేరు వేశాడు.

ఆ తర్వాతి రెండు గంటల గురించి చెప్పినప్పుడు అతని గొంతులో ఇప్పటికీ సంతోషం వినిపించింది. "సార్, ఆ రోజు నడిచినట్టు ఆ బండి ఎప్పుడూ నడవలేదు. గ్యాస్ తిప్పితే చాలు, కత్తిలా లేచేది. తెల్లటి తిన్నని దారి. మైళ్లకి మైళ్లు ఫుల్ గ్యాస్."

ఈ మాట దగ్గర తండ్రి తల అడ్డంగా ఊపాడు. "అక్కడే నాకు అర్థమైపోయిందండీ. పెట్రోలు చాలని బండి ముందు బెమ్మాండంగా నడుస్తాది. ఆకలి మీదున్న గుర్రం లాగ. కుర్రోళ్లు అదే బాగుందనుకుంటారు."

ఇంకో గుర్తు కూడా కనిపించింది. ఒక మలుపు దగ్గర గ్యాస్ వదిలితే ఇంజన్ మోత వెంటనే దిగలేదు. ఒకటి రెండు క్షణాలు అలాగే పైన వేలాడి, అప్పుడు దిగింది. అతను గమనించాడు కూడా. చలికి గ్యాస్ కేబుల్ బిగుసుకుందేమో అనుకుని ముందుకి పోనిచ్చాడు.

పది దాటాక, ఒక పొడవైన ఎగుడు మీద, నిండా తిప్పిన గ్యాస్‌తో వెళ్తుండగా బండి ఉన్నట్టుండి బరువెక్కింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు. లోపల్నుంచి సన్నని కీచు. ఆలోచన కన్నా ముందు ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ నొక్కేశాయి. ఆ వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటాయి. పదేళ్ల వయసులో నాన్న నేర్పిన అలవాటు. క్లచ్ నొక్కకపోతే ట్రాక్ ఒక్కసారిగా బిగిసి, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడేవాడు. బండి జారుకుంటూ వెళ్లి ఆగింది.

పావుగంట తర్వాత కిక్కు కిందికి దిగింది. ఇంజన్ చల్లారి పిస్టన్ వదిలింది.

"స్టార్ట్ చెయ్ అన్నా, మెల్లగా పోదాం" అన్నాడు స్నేహితుడు.

చేయాలనే అనిపించింది. కారు పెట్టిన చోటికి ఇరవై కిలోమీటర్ల పైన ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒంట్లో పట్టిన చెమట అప్పుడే చల్లబడుతోంది. కిక్ మీద కాలు పెట్టాడు. అప్పుడు షెడ్డులో వంద సార్లు విన్న మాట చెవిలో పడింది: 'వదిలింది కదాని మళ్లీ తోలకు. ఈసారి పట్టిందంటే కనెక్టింగ్ రాడ్డు విరిగి కేసు బద్దలైపోద్ది.' కాలు తీసేశాడు.

స్నేహితుడి సంచిలో లాగుడు తాడు ఉంది. ఆ తాడే వాళ్లని కాపాడింది. అడుగడుగునా మంచులో కూరుకుంటూ, తోసుకుంటూ, గంట పోయాక స్నోమొబైళ్ల మీద వచ్చిన స్థానికులు ఇద్దరు కనిపించి సాయం పట్టేదాకా లాక్కున్నారు. కారు దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. జనవరిలో అక్కడ అయిదు గంటలకే పొద్దుగుంకుతుంది. స్నేహితుడి కుడి చేతి వేళ్ల కొసలు తెల్లబడి, స్పర్శ తిరిగి రావడానికి రాత్రి దాకా పట్టింది. ఒక్కడే వెళ్లి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు మనసు రావడం లేదు.

ఆదివారం రాత్రి బోయిసీలో గ్యారేజీ తలుపు వేసుకుని సిలిండర్ విప్పాడు. అక్కడ రాత్రి ఎనిమిదైతే నర్సీపట్నంలో సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర. మేస్త్రి అప్పుడే షట్టర్ ఎత్తి నీళ్లు చల్లుతున్నాడు. ఫోన్ మోగింది.

"నాన్నా, బండి పట్టేసింది."

"నీకేటీ అవలేదు కదా?"

"లేదు."

"అయితే పిస్టన్ చూపించు."

ఫోన్ కెమెరా ముందు పిస్టన్ మెల్లగా తిరిగింది. ముందు వైపు, సైలెన్సర్ గొట్టం కలిసే పక్క, పైనుంచి కింది దాకా అల్యూమినియం చెక్కుకుపోయి ఉంది. రింగు కరిగిన లోహం కింద ఇరుక్కుపోయింది. ప్లగ్ చూపించమన్నాడు. దాని పింగాణీ ముక్కు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"మాడిపోయిందిరా. తిండి చాల్లేదు దానికి. జెట్ ఎంతేశావ్?"

చెప్పాడు. ఎత్తు గురించి, తను చేసిన లెక్క గురించి చెప్పాడు.

"ఎత్తు చూశావ్ సరే. చలి చూడలేదేటి?"

ఆ రాత్రి కొడుకు కాగితం తీసుకుని రెండో సగం లెక్క వేశాడు. ఎత్తు వల్ల గాలి సుమారు ఎనిమిదో వంతు పలచబడింది, నిజమే. కానీ వేసవిలో 30 డిగ్రీల్లో సరిపెట్టిన బండిని మైనస్ 25కి తెచ్చాడు. ఆ చలికి గాలి అయిదో వంతు పైగా చిక్కబడింది. రెండూ కలిపి చూస్తే, ఆరు వేల అడుగుల మీద కూడా, ఇంటి దగ్గరి వేసవి గాలికన్నా ఆ పొద్దుటి గాలి దాదాపు ఏడు శాతం చిక్కన. పెద్ద జెట్ వేయాల్సిన చోట చిన్నది వేశాడు.

చిక్కని గాలిలో ఆక్సిజన్ ఎక్కువ. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే మంట వేడి పెరుగుతుంది. ఆవిరవుతూ లోపలి భాగాలని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. పైగా టూ-స్ట్రోక్‌లో పిస్టన్‌కి నూనె చేరేది పెట్రోలుతో కలిసే. పెట్రోలు తగ్గిందంటే వేడి పెరిగిన సమయానికే నూనె కూడా తగ్గిందన్నమాట. మంచు మీద ట్రాక్ లాగే బరువు వల్ల ఇంజన్ నిమిషాల తరబడి ఫుల్ గ్యాస్ మీదే ఉంటుంది. మట్టి దారిలో మలుపు మలుపుకీ దొరికే ఊపిరి ఇక్కడ దొరకదు.

"మరి నూనె ఎక్కువ పోశాను కదా నాన్నా?"

"లీటరు డబ్బాలో నూనె పెరిగితే తగ్గేదేటి? పెట్రోలే కదా. నువ్వు దాని తిండి ఇంకో ముద్ద తీసేశావు."

ఆ ఒక్కటే అయితే బండి చచ్చేది కాదు. కానీ అప్పటికే ఇరుకున పడ్డదాన్ని మరి కాస్త నొక్కింది. కార్బొరేటర్ పక్కన వేలాడే సన్నని గాలి గొట్టాలు చూడమన్నాడు తండ్రి. పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెకి ఊపిరి అందేది వాటి గుండానే. గొట్టం పై కొసని వేలితో మూస్తే లోపలి నీళ్లు కిందికి దిగవు కదా, అలాగే అవి మూసుకుపోతే పెట్రోలు జెట్‌లోకి దిగదు. ఇప్పుడు అవి ఖాళీగానే ఉన్నాయి. కానీ బండి కారెక్కించేటప్పుడు వాటి కొసలకి మంచు గడ్డలు వేలాడటం స్నేహితుడికి గుర్తుంది.

ఇక్కడిదాకా అనుభవమున్న ఏ మెకానిక్కైనా చెప్పగలడు. తర్వాత జరిగింది విన్నప్పుడు నాకు ఆ మనిషి మీద గౌరవం రెట్టింపైంది.

"పిస్టన్ ఇంకోసారి తిప్పు. ఆపు. ఆ గీతలేటి?"

పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల, నాలుగు మూలల్లాగా, సన్నని నిలువు గీతలు ఉన్నాయి. కొడుకు వాటిని పట్టించుకోలేదు. పెద్ద గాయం పక్కన అవి కంటికి ఆనలేదు.

"ఇవి నిన్నటివి కావు. అంచులు అరిగి నున్నగైపోయాయి. నువ్వు ఇంతకు ముందు కూడా చల్లటి బండి మీద ఎగిరి కూర్చుని తోలేశావు. రెండు మూడు సార్లు అప్పుడే పట్టీసి వదిలింది. నీకు తెలీలేదంతే."

కొడుకు కాసేపు మాట్లాడలేదు. నిజమే. అంతకు ముందు రెండు శనివారాలు బోయిసీ దగ్గరి కొండల్లో, అందరూ వెళ్లిపోతున్నారని, స్టార్ట్ చేసిన వెంటనే గ్యాస్ తిప్పి దౌడు తీశాడు.

చల్లటి ఇంజన్‌లో జరిగేది ఇదీ. 66 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో నూరో వంతులు ఓ ఆరేడు. స్టార్ట్ కాగానే మంట నేరుగా పిస్టన్ నెత్తిన పడుతుంది, అది గబగబా వేడెక్కి ఉబ్బుతుంది. చుట్టూ గడ్డకట్టే చలిలో ఉన్న కూలెంట్ తిరుగుతున్న సిలిండర్ మాత్రం అంత వేగంగా ఉబ్బదు. పిస్టన్ సిలిండర్ కన్నా ఒక యాభై డిగ్రీలు ముందు పరిగెత్తిందంటే ఆ ఖాళీ దాదాపు అయిపోయినట్టే. లోహం మందంగా ఉన్న నాలుగు చోట్ల ముందు ఒరుసుకుంటుంది. అవే ఆ నాలుగు గీతలు. పెట్రోలు చాలక పట్టడం ఒక జబ్బు, చల్లగా ఉండి పట్టడం ఇంకో జబ్బు. ఒకే పిస్టన్ మీద రెండింటినీ విడివిడిగా చదివాడాయన, పన్నెండున్నర గంటల కాలం తేడా ఉన్న దేశం నుంచి, అరచేతిలో పట్టే తెర మీద.

ఎలా తెలిసిందని అడిగాను. బయటికి చూపించాడు. చింతపల్లి వైపు వెళ్లే రోడ్డు. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల దగ్గర ఉన్న లంబసింగి చలి అందరికీ తెలుసు. ఘాట్ దిగి వచ్చే బళ్లు ఆయన షెడ్డుకి ఎన్నో వచ్చాయి. రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, చేతక్‌లు, 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్ఎక్స్100లు. పెట్రోలు మిగులుతుందని గ్యాస్ పూర్తిగా మూసి, గేరులో బండిని ఈడ్పించుకుంటూ ఘాట్ దిగేవారు. ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలూ నూనే రావు. ఎండిపోయిన బోరులో పిస్టన్ ఒరుసుకుని, ఘాట్ సగంలో బిగిసేది. "మధ్య మధ్యన క్లచ్ పట్టి కాస్త రేస్ ఇవ్వండ్రా బాబూ, నాలుగు చుక్కల నూనె పడతాది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టేది." మంచు కొండ దిగేటప్పుడూ ఇదే. ఐడహో అయినా లంబసింగి అయినా టూ-స్ట్రోక్‌కి ఆ ధర్మం మారదు.

ఒక్క చోట మాత్రం తండ్రి తడబడ్డాడు. "బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించు" అన్నాడు.

"దీనికి ఇనప లైనర్ ఉండదు నాన్నా. అల్యూమినియం సిలిండర్‌కి లోపల నికసిల్ పూత. బోరు కొట్టకూడదు. అంటుకున్న అల్యూమినియాన్ని యాసిడ్‌తో కరిగించి చూస్తారు. పూత బాగుంటే కొత్త పిస్టన్ వేసుకోవడమే."

"అలాగేటి? చెయ్యి, నేనూ చూస్తాను."

ఫోన్‌ని డబ్బాకి ఆనించి, చేతికి తొడుగులు వేసుకుని, గ్యారేజీ తలుపు తెరిచి, దూదితో కొద్ది కొద్దిగా యాసిడ్ అద్దాడు కొడుకు. తెల్లటి నురగ వచ్చింది. అంటుకున్న లోహం కరిగింది. కింద పూత మీద గీత పడలేదు. కస్టమర్ వచ్చి పిలుస్తున్నా తండ్రి తెర మీంచి కళ్లు తిప్పలేదట.

తర్వాతి మూడు వారాలు తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ బండి గురించే. మెయిన్ జెట్ 180 అయింది. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దింపి నీడిల్‌ని పైకి లేపాడు, సగం గ్యాస్‌లో కూడా పెట్రోలు కాస్త ఎక్కువ అందేలా. నూనె మళ్లీ 25 మిల్లీలీటర్లకి వచ్చింది. చలికి చిక్కబడ్డ నూనె పెట్రోల్లో సరిగా కలవదు కాబట్టి ఇంట్లోనే కలిపి పట్టుకెళ్తాడు. గాలి గొట్టాలకి 'T' ఆకారపు ముక్క వేసి, ఒక కొసని ట్యాంకు కిందకి, మంచు తగలని వెచ్చటి చోటికి పైకి తిప్పాడు. ఎయిర్ ఫిల్టర్ మీద పొడిమంచు లోపలికి పోకుండా జల్లెడ గుడ్డ తొడిగాడు.

ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ దగ్గర కొంత వాదన జరిగింది. ఇలాంటి బైకులకి మామూలుగా అది ఉండదు. ఒకటి తెచ్చి గొట్టం మధ్యలో పెడితే సరి అనుకున్నాడు కొడుకు. తండ్రికి ఆ వస్తువుతో పని పడలేదు గానీ అడగాల్సిన ప్రశ్నే అడిగాడు: "అది మూసున్నంత సేపు రేడియేటర్‌లో నీళ్లు మంచులా ఉంటాయి కదా. ఠక్కున తెరుచుకుంటే ఆ చన్నీళ్లన్నీ కాలుతున్న బోరు మీద పడవా?" పడతాయి. సిలిండర్ ఒక్కసారి ముడుచుకుని, ఉబ్బి ఉన్న పిస్టన్‌ని బిగిస్తుంది. అందుకే వేడి నీటిని, చల్లటి నీటిని కలుపుతూ తిప్పే బైపాస్ ఉన్నదే వేయాలి. అదే వేశాడు. రేడియేటర్‌ని సగం కప్పే రబ్బరు తెర కూడా పెట్టాడు.

అన్నిటికన్నా కష్టమైన మార్పు డబ్బుతో వచ్చేది కాదు. స్టార్ట్ చేశాక కూలెంట్ గొట్టాలు చేతికి వెచ్చగా తగిలేదాకా నిలబడటం. ఆ తర్వాత కూడా మొదటి కొన్ని కిలోమీటర్లు సగం గ్యాస్ దాటకపోవడం. మధ్యలో టీకి ఆగి అరగంట కూర్చుంటే మళ్లీ మొదటి నుంచీ అంతే. మిగతావాళ్లు వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడాలి.

మరుసటి నెలలో ఇద్దరూ మళ్లీ అదే దారికి వెళ్లారు. ఆ పొద్దున మైనస్ 22. పైకెక్కే ముందు ఒకసారి, దిగే ముందు ఒకసారి ఆగి ప్లగ్ తీసి చూశారు. దిగేటప్పుడు మధ్య మధ్యన క్లచ్ పట్టి రేస్ ఇచ్చారు. సాయంత్రం కారు దగ్గర హెడ్‌లైట్ వెలుగులో ప్లగ్ ఫొటో తీసి, సిగ్నల్ అందగానే నర్సీపట్నం పంపాడు కొడుకు. పింగాణీ ముక్కు వేయించిన కాఫీ గింజ రంగులో ఉంది.

మన దేశంలో టూ-స్ట్రోక్ బళ్లు దాదాపు పోయాయి. మేస్త్రి షెడ్డుకి ఇప్పుడు నెలకి ఒకటో రెండో వస్తాయి. కానీ మన పిల్లలు మంచు దేశాల్లో వాటిని తోలుతున్నారు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ కాగితం వాళ్లకి పంపండి. తోడు లేకుండా, తాడు లేకుండా కొండ ఎక్కవద్దని, పట్టి వదిలిన బండిని మళ్లీ స్టార్ట్ చేయవద్దని నా మాటగా చెప్పండి.